వదిన అగ్గిపెట్టెలో ఏం పడుతుంది

"ఎదురుగా లారీ వస్తే ఏమవుతుంది వదినా?"

వదిన నోట్లో గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి చేతిలోని గుడ్డకు గుచ్చింది. నోరు ఖాళీ అయ్యాక గాని జవాబు చెప్పలేదు.

"లారీ దారిన లారీ పోతుంది, నా దారిన నేను పోతాను. నన్ను వెతుక్కుంటూ రావడానికి దానికి వేరే పనేం లేదా?"

"నవ్వులాట కాదు. లారీ వద్దు, మామూలు పెద్ద కారే అనుకో. దాని బరువెంత, నీ అగ్గిపెట్టె బరువెంత? అందులో నా బిడ్డని ఎలా పంపను?"

"నీ బిడ్డ బరువు చెప్పు ముందు. పొద్దున్న ఎత్తుకుంటే నడుం పట్టేసింది."

అంతటితో ఆ మాట తేల్చేసి మళ్లీ సూదులు నోట్లో పెట్టుకుంది. నోట్లో సూదులున్న మనిషితో వాదించడం కష్టం. ఆమె "ఊఁ" అంటుంది, "ఊహూఁ" అంటుంది, మిగతాదంతా మనమే మాట్లాడుకోవాలి.

వదిన అంటే మా ఆయనకు అక్క. కర్టెన్లు కుడుతుంది. మేం ఉండే ఇంటికే కింది భాగంలో ఆమె పని గది, ఆ వెనక ఆమె వంటిల్లు, పడక. పై భాగంలో మేం ముగ్గురం. మూడో మనిషి మా పాప. ఏడాదిన్నర దాటింది. దానికి అసలు పేరు వేరే ఉన్నా వదిన పెట్టిన బుడంకాయ అన్న పేరే స్థిరపడింది.

నేను నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. పాప పుట్టాక సెలవు పెట్టి, దాన్ని ఒకసారి పొడిగించుకున్నాను. ఇంక కుదరదని, వచ్చే నెల మొదటి రోజు రాకపోతే నా బల్ల ముందు వేరేవాళ్లు కూర్చుంటారని ల్యాబు పెద్ద మర్యాదగానే చెప్పేశారు. ల్యాబు బస్సు నన్ను ఎక్కించుకునే వేళకి క్రెష్ తలుపులు తియ్యరు. మా ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో పొద్దున షిఫ్టు. నాకన్నా ముందే వెళ్లిపోతారు. మా ఇంట్లో రోజూ క్రెష్ తెరిచే వేళకి ఆ దారిన వెళ్లేది వదిన ఒక్కతే. ఆమె సరుకు తెచ్చుకునే గుడ్డల కొట్టు క్రెష్ పక్క వీధిలోనే. "నేను దింపేస్తాను, అంతేగా" అని ఆమె అన్నప్పుడు ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నేను తప్ప. ఎందుకంటే దింపేది అగ్గిపెట్టెలో.

అగ్గిపెట్టె అంటే ఆమె కారు. గేటు స్తంభానికీ మేడమెట్లకీ మధ్య, మామూలుగా రెండు మోటారు సైకిళ్లు పెట్టుకునే జాగాలో అది ముడుచుకుని ఉంటుంది. రెండే తలుపులు. వెనక కూర్చునే చోటుని సీటు అనాలంటే కొంచెం మనసు పెద్దది చేసుకోవాలి. బ్యాటరీతో నడుస్తుంది. పని గది కిటికీలోంచి తీగ వేసి ఛార్జింగ్ పెడుతుంది. ఆ గదిలో ఇస్త్రీ పెట్టె, కుట్టు మిషను, కారు మూడింటికీ ఒకటే లైను. ఇస్త్రీ పెట్టె వేసినప్పుడు కారు తీగ పీకెయ్యాలి, లేకపోతే ఫ్యూజు ఎగిరిపోతుంది. "ఇవాళ పెద్ద ఆర్డరు. ఇస్త్రీకి భోజనం, కారుకి పస్తు" అంటూ ఉంటుంది.

దాన్ని చూసిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే ప్రశ్న. ఇందులో ఏం పడుతుంది? వదిన ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెబుతుంది. లావుపాటి ఆయన అడిగితే "మీరు పడతారు, కింద మాత్రం పడరు" అంటుంది. గుడ్డల కొట్టు గుమాస్తా అడిగితే "నువ్వు ఆలస్యంగా ఇచ్చిన బట్టలన్నీ పడతాయి" అంటుంది. నేను మాత్రం అడగలేదు. నాకు అందులో ఏం పడుతుందో అక్కర్లేదు, ఏది దాన్ని గుద్దుతుందో కావాలి.

నేను చదివింది సైన్సు. ఆ చదువు భయాన్ని తగ్గించదు, భయానికి లెక్క నేర్పుతుంది. రెండు బండ్లు ఎదురెదురుగా గుద్దుకుంటే తేలికగా ఉన్నదాని వేగమే ఎక్కువ మారుతుంది. ఆ మార్పే లోపలి మనుషుల ఒంటికి తగిలేది. ఇందులో వాదనకి తావులేదు. బుడంకాయ నా పక్కన నిద్రపోతుంటే నేను దాని మెడ ఎంత సన్నగా ఉందో చూసుకుంటూ ఈ లెక్కే వేసుకునేదాన్ని.

"ఊరికే భయపడే బదులు ఒకసారి ఎక్కి చూడరాదూ" అన్నారు మా ఆయన. "అక్క బండి నడపడం నువ్వెప్పుడన్నా చూశావా?"

చూడలేదు. ఆ మాట నిజం. అందుకని మర్నాడు వదినతో కలిసి ఒక ఇంటికి కొలతలకీ బిగింపుకీ బయల్దేరాను.

ఎక్కగానే తెలిసిందేమిటంటే లోపల బయటికన్నా పెద్దది. ఎలా అంటే చెప్పలేను. ముందు ముక్కు లేదు, వెనక తోక లేదు, ఉన్నదంతా మనుషులకే ఇచ్చేశారు. నా భుజం పక్కనుంచి కర్టెన్ రాడ్ల కట్ట ఒకటి ముందు అద్దం దగ్గర మొదలై మూలగా వెనక సీటు మీదుగా పోయి వెనక అద్దానికి ఆనుకుంది. నా కాళ్ల దగ్గర గుడ్డల మూట.

"వ్యాను ఉండేదట కదా నీకు?" అని అడిగాను.

"ఉండేది. ఎందుకు గుర్తుచేస్తావు, ఇప్పుడే టిఫిన్ తిన్నాను."

తర్వాత ఆమే చెప్పింది. చదువు ఆగిపోయాక వదిన టెంట్లు కుట్టే కార్ఖానాలో చేరింది. మందపాటి కాన్వాసు, దబ్బనంలాంటి సూదులు. ఆ పనిలోనే భుజాలు ఇంత గట్టిపడ్డాయట. టెంట్లకి గిరాకీ తగ్గి కార్ఖానా మూతపడితే, అక్కడి పాత మిషను ఒకటి తెచ్చుకుని కర్టెన్లు మొదలుపెట్టింది. పెళ్లి సంగతి ఎవరైనా ఎత్తితే "కొలతలు కుదరలేదు" అంటుంది. అంతకుమించి నేనూ అడగలేదు. పని కాస్త నిలదొక్కుకోగానే చుట్టాలూ తెలిసినవాళ్లూ అందరూ ఒకటే మాట అన్నారు, వ్యాపారం అన్నాక వ్యాను ఉండాలి. పాత వ్యాను ఒకటి కొంది.

"కొన్న రోజు నేనూ రాణీలాగే ఉన్నాననుకో. తర్వాత చూస్తే, నేను వెళ్లే ఇళ్లన్నీ సందుల్లో. వ్యానేమో సందు మొదట్లో ఆగిపోయేది. నిలబెట్టుకోవడానికి చోటు వెతుక్కుని, అక్కణ్ణించి మూటలు భుజాన వేసుకుని నడక. ఒకరోజు ఒక ఇంటి కర్టెన్లన్నీ కట్టి తూకం వేశాను. ఏదో సరదాకి. మన బుడంకాయంత కూడా లేవు."

"మరి వ్యాను నిండా ఏముండేది?"

"గాలి. ఇక్కణ్ణించి గాలి నింపుకుని తీసుకెళ్లడం, అక్కణ్ణించి గాలి నింపుకుని తీసుకురావడం. ఆ గాలికి డీజిలు నేను పోస్తున్నాను. పొగ మాత్రం ఊరందరికీ పంచుతున్నాను."

ఆ మాట దగ్గర నాకు ఆసక్తి పుట్టింది. ఇంతవరకూ బండి అంటే లోపలివాళ్లని కాపాడే ఇనుము అనే చూశాను. ఇప్పుడు సిగ్నల్ దగ్గర చుట్టూ ఆగి ఉన్న కార్లలోకి తొంగిచూస్తే ప్రతి దాంట్లోనూ ఒక్క మనిషి. మనిషి బరువుకి ఇరవై, ముప్పై రెట్లు ఇనుము. ఆ మనిషి కదలాలంటే ముందు ఆ ఇనుమంతా కదలాలి. ఖర్చయ్యే శక్తిలో మనిషి కోసం పోయేది చిటికెడు, మిగతాదంతా ఇనుము ఊరేగింపుకే. వదిన బండిలోనూ ఆ నిష్పత్తి గొప్పగా ఏం లేదు, కానీ చాలా నయం. చిన్న బ్యాటరీ కాబట్టే ఇస్త్రీ పెట్టె తిన్నాక మిగిలినదానితో సరిపెట్టుకుంటుంది.

"ఇది కూడా లేకుండా బస్సులో వెళితే ఇంకా మంచిది కదా వదినా?"

"రాడ్లు లేని రోజు బస్సే. రాడ్లు పట్టుకుని బస్సెక్కితే పక్కనున్న మనిషికి కన్ను పోతుంది, నాకు పరువు పోతుంది."

మేం వెళ్లిన సందులో ఒకవైపంతా కార్లు. నడిచే దారిని కూడా అవే ఆక్రమించాయి. ఒకావిడ పిల్లల బండి తోసుకుంటూ రోడ్డు మధ్యనుంచి వస్తోంది. వదిన ఆవిడ దాటేదాకా ఆగి, రెండు పెద్ద కార్ల మధ్య నేను ఖాళీ అని కూడా అనుకోని చోట అగ్గిపెట్టెని దూర్చేసింది.

తలుపు తీసిన పెద్దాయన గడియారాలు బాగుచేసే మనిషి. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని కిందికి చూశాడు.

"అంత చిన్నదాంట్లో ఇంత పొడుగు రాడ్లు ఎలా పట్టాయమ్మా?"

"బతిమాలితే పట్టాయండి."

ఆమె పని చేస్తుంటే చూడటం బాగుంటుంది. కిటికీ వెడల్పు కొలిచి, దానికి సగం కలుపుతుంది, కుచ్చులు పడాలి గనక. పొడవు కొలిచి, కింద మడతకి నాలుగు వేళ్లు కలుపుతుంది. నోటితో చెప్పేది కలిపిన కొలతే. విడి కొలత ఆమె నోట రాదు. ఆ సంగతి నేను అప్పుడు వినీ విననట్టు వదిలేశాను. దాని ఫలితం తర్వాత అనుభవించాను.

తిరిగొచ్చేటప్పుడు వదిన ఒకచోట కాస్త గట్టిగా బ్రేకు వేసింది. కుక్కపిల్ల అడ్డం వచ్చింది. మిగిలిపోయిన రాడ్లు రెండు నా చెవి పక్కనుంచి జర్రున ముందుకు జారి అద్దానికి కొట్టుకున్నాయి. పగల్లేదు. చిన్న చప్పుడు, అంతే.

"వదినా, రేపు ఈ సీటు వెనకాల బుడంకాయ ఉంటుంది."

"ఇన్నేళ్లుగా అలాగే తెస్తున్నాను, ఎప్పుడూ ఏం కాలేదే."

"బండి ఆగుతుంది, బెల్టు ఉంది కాబట్టి మనమూ ఆగుతాం. రాడ్లని ఆగమని ఎవరు చెబుతారు? అవి అంతకుముందు ఏ వేగంతో ఉన్నాయో అదే వేగంతో పోతుంటాయి, ఏదో ఒకటి అడ్డం వచ్చేదాకా."

ఇంటికెళ్లాక పని గదిలో మిషను చాలాసేపు ఆడింది. సాయంత్రం పిలిచి చూపించింది. టెంటు కార్ఖానా రోజుల కాన్వాసుతో రాడ్లకి పొడవాటి సంచి, దానికి మూడు పట్టీలు, పట్టీలకి కొక్కేలు. కింద సీటు కాళ్లకి తగిలిస్తే కదలదు.

"లాగు. ఇంకా గట్టిగా లాగు. ఏం, అన్నం తినలేదా?" అంది. లాగాను. కదల్లేదు. "అయినా బుడంకాయ ఉన్న పూట రాడ్లు తీసుకెళ్లను. సరేనా ప్రొఫెసరమ్మా?"

సగం ఒప్పుకున్నట్టే ఉన్నాను. పిల్ల సీటు కొనడానికి వెళ్లాను. ముందు సీటులో పెట్టకూడదని, వెనక సీటులో, పాప వెనక్కి చూస్తూ కూర్చునేలా బిగించాలని నాకు తెలుసు. తెలియనిది వెనక జాగా కొలత. కొట్లోంచి ఫోను చేశాను. వదిన టేపు పట్టుకుని కారు దగ్గరికి వెళ్లి కొలిచి చెప్పింది. విని సంతోషించాను. అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంది. కొట్టతను సన్నగా ఉన్న సీటు ఒకటి చూపించి ఇది చాలన్నాడు. నేను వినలేదు. జాగా ఉందిగా, అందుకని అన్నిటికన్నా పెద్దది, చెవుల దగ్గర దిండ్లున్నది తీసుకున్నాను.

అది వెనక సీటు దాకా కూడా పోలేదు. తలుపు దగ్గరే ఇరుక్కుపోయింది. మా ఆయన లోపల్నుంచి లాగారు, నేను బయట్నుంచి తోశాను. బుడంకాయ చప్పట్లు కొట్టింది.

"కొలిచే చెప్పావు కదా వదినా?"

"కొలిచే చెప్పాను. మడతతో కలిపి."

"ఇనప కారుకి మడతేమిటి?"

వదిన టేపు మెడలోంచి తీసి దానివైపే చూసింది. "కొలత అడిగావు. అడిగితే నోటికి అలాగే వస్తుందే అమ్మాయ్. నాలుగు వేళ్లు కలపకుండా కొలత చెబితే నా వృత్తిలో గంజి కూడా పుట్టదు."

మా ఆయన సీటు కిందపెట్టి మెట్ల మీద కూలబడి నవ్వారు. "ఒకరు ఉన్నదాన్ని పెంచి చెబుతారు, ఇంకొకరు ఉన్నవాటిలోకెల్లా పెద్దదే కావాలంటారు. మధ్యలో కారేం చేస్తుంది పాపం, వదులు చేయించుకుంటుందా?"

నాకు నవ్వు రాలేదు. పాపని ఇందులో పంపొద్దని ఇదేదో జవాబులా అనిపించింది. చదువుకున్నదాన్ని, శకునాలు నమ్మను. కానీ ఆ పూట నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను.

సరిగ్గా అప్పుడే పక్కింటి కాంట్రాక్టరుగారు గోడమీదుగా చూశారు. ఇళ్లు కట్టిస్తారు, మంచి మనిషి. వాళ్ల బాబూ అదే క్రెష్‌కి వెళతాడు. ఆయన బండిని వదిన ఓడ అంటుంది. ఎక్కడానికి మెట్టు ఉంటుంది. "మా దాంట్లో పెట్టి చూడండమ్మా. రోజూ మావాడితో పాటు మీ పాపనీ నేనే దింపేస్తాను" అన్నారు. సీటు అందులో హాల్లో కుర్చీ వేసినట్టు కుదిరింది. ఇంకా మరో రెండు సీట్లకి చోటుంది. దాని తలుపు వేస్తే వచ్చిన బరువైన శబ్దానికి నా గుండె దడ సగం తగ్గింది.

కిందికి వెళ్లి వదినతో చెప్పాను. "ఏమీ అనుకోకు."

"అనుకోవడానికేముంది. నీ బిడ్డ, నీ భయం" అని మిషను తొక్కింది. ఆ రోజు నుంచి నన్ను ఎప్పటిలా మరదలా అని ఒక్కసారి కూడా పిలవలేదు.

ఆదివారం కాంట్రాక్టరుగారు ఓడని వెనక్కి నడుపుకుంటూ మా వాకిట్లోకి తెచ్చారు, పిల్లలిద్దరినీ ఎక్కించి ఒక చుట్టు తిప్పి చూద్దామని. ఎండగా ఉందని ఏసీ కోసం ఇంజను వేసే ఉంచారు. వాళ్ల బాబు లోపల కూర్చున్నాడు. నేను వెనక తలుపులోంచి సగం లోపలికి వంగి మా పాప సీటు బెల్టు సరిచేస్తున్నాను. బుడంకాయ నా దుపట్టా పట్టుకుని నిలబడి ఉంది. కాసేపటికి దుపట్టా తేలికైంది. వదిన మెట్ల మీద కూర్చుని కొక్కేలు కుడుతోంది కదా, ఆమె దగ్గరికి పోయి ఉంటుందనుకున్నాను.

"పాప ఎక్కిందామ్మా? కొంచెం ముందుకు తీసి నీడలో పెడతాను" అన్నారు కాంట్రాక్టరుగారు.

"ఇంజను ఆపండి సార్" అంది వదిన.

గొంతు పెంచలేదు. కర్టెను కొంచెం పైకెత్తండి అన్నట్టే అంది. ఆయన ఆపేశారు. వదిన ఒళ్లో గుడ్డ పక్కనపెట్టి, లేచి, ఓడ ముందుకు వెళ్లి వంగింది. లేచినప్పుడు చేతుల్లో బుడంకాయ ఉంది. దాని అరచేతులు నల్లగా ఉన్నాయి. నంబరు ప్లేటు మీద దుమ్ముతో ఆడుకుంటోంది.

నేను అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. కాంట్రాక్టరుగారు దిగి వచ్చారు. 

"నేను ముందుకే చూస్తున్నానమ్మా. ఒట్టు. ఫోను కూడా చేతిలో లేదు. గేటు కనపడింది, వీధి చివర దాకా కనపడింది. పాప కనపడలేదు."

ఆయన తప్పేం లేదు. ఆ మాట ఆయనకి చెప్పడానికి నాకు కొంచెంసేపు పట్టింది. పాపని గుండెకి హత్తుకుని మంచినీళ్లు తాగాక, నాలో ఇంకొకటి మొదలైంది. భయం కాదు. ఎంత దూరం వరకు కనపడదు?

ఇంట్లో ప్లాస్టిక్ స్టూలు ఒకటుంది, ఎర్రది. దాని మీద పాప టోపీ బోర్లిస్తే దాదాపు పాపంత ఎత్తు వచ్చింది. పిల్లలిద్దరినీ మా ఆయనకి అప్పగించి గదిలో కూర్చోబెట్టి తలుపు వేయించాను. కాంట్రాక్టరుగారిని ఇంజను వెయ్యకుండా ఓడలో కూర్చోమన్నాను. స్టూలు బండి ముందు పెట్టి, కొంచెం కొంచెం దూరం జరుపుతూ "కనపడిందా?" అని అడిగాను.

"లేదు."

జరిపాను.

"లేదమ్మా."

గేటు దాకా వచ్చేశాను. అప్పుడు "టోపీ అంచు" అన్నారు. ఆ మధ్యనున్న జాగాలో క్రెష్ పిల్లలందరినీ వరసగా నిలబెట్టొచ్చు.

తర్వాత అగ్గిపెట్టె. ఆ కొలత వదినతో తీస్తే నమ్మకం లేదని, మడత కలిపేస్తుందని, కాంట్రాక్టరుగారినే కూర్చోమన్నాను.

"ఇందులో నేను పడతానా?" అన్నారాయన దిగులుగా.

"పడతారు. లేవడం సంగతి తర్వాత చూద్దాం" అంది వదిన.

ఆయన ముందు ఒక కాలు, తర్వాత తల, తర్వాత మిగతా మనిషిని లోపలికి చేర్చుకున్నారు. స్టూలు ముందు భాగానికి ఆనించి పెట్టాను. కనపడలేదు. రెండు జానలు జరిపానో లేదో, "ఇదిగో, టోపీ. టోపీ మొత్తం" అన్నారు. ఆయన వెంటనే దిగలేదు. స్టీరింగు మీద చేతులుంచుకుని టోపీవైపే చూస్తూ కూర్చున్నారు. వాళ్ల బాబు కూడా బుడంకాయ ఎత్తే.

వెనక వైపు కూడా పరీక్షించాను, న్యాయం న్యాయమే గనక. వెనక మాత్రం అగ్గిపెట్టె కూడా గొప్పదేం కాదు. దగ్గర పెట్టిన స్టూలు అందులోనూ కనపడలేదు. ఆ మాటే వదినతో అన్నాను.

"తెలుసు. అందుకే వచ్చినప్పుడే తిప్పి మొహం వీధివైపు పెట్టి నిలబెడతాను. పొద్దున్నే, పిల్లలు తిరిగే వేళ, వెనక్కి తీసే పని పెట్టుకోను. ఈ వాకిట్లో అది తిరుగుతుంది. ఓడని తిప్పమను చూద్దాం."

నేను వేసుకున్న లెక్క తప్పు కాదు. ఇప్పుడు కూడా తప్పు కాదు. పెద్దది వచ్చి గుద్దితే అగ్గిపెట్టెకే దెబ్బ ఎక్కువ. కానీ ఆ లెక్కలో నా బిడ్డ ఎప్పుడూ బండి లోపలే ఉంది. రోజు మొత్తంలో అది బండిలో ఉండేది కొంచెంసేపు. మిగతా పొద్దంతా అది బండ్ల ముందు, బండ్ల పక్కన, బండ్ల మధ్య తిరిగే ప్రాణి. దాని భద్రత ఎదుటివాళ్ల బండి ఎంత ఎత్తుందన్నదాని మీద ఆధారపడి ఉంది. నేను భయపడి పెద్ద బండి ఎక్కిస్తే, నా బండికి భయపడి ఇంకో తల్లి ఇంకా పెద్దది ఎక్కిస్తుంది. చివరికి అందరి పిల్లలూ ఎత్తైన గోడల మధ్య కనపడకుండా నడవాలి.

వేగం సంగతి కూడా ఉంది. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. క్రెష్ దారిలో మూడు వంతులు సందులే, అక్కడ ఎవరూ పరుగెత్తించలేరు. మిగిలిన ఒక వంతు బైపాస్ రోడ్డు. అది తప్పితే లెక్క మారిపోతుంది.

"బైపాస్ ఎక్కకుండా వెళ్లగలవా వదినా?"

"మార్కెట్టు వెనకనుంచి పోతే సరి. కాస్త ఎక్కువసేపు పడుతుంది."

"పట్టనీ."

"అయితే సరే, మరదలా" అంది. అలా పిలిచాక గాని నేను ఎన్ని రోజులుగా ఆ పిలుపు కోసం చూస్తున్నానో నాకు తెలియలేదు.

సోమవారం పొద్దున్నే కొట్టుకి వెళ్లి సీటు మార్చుకున్నాను. ఈసారి వెళ్లేముందు వదిన టేపుని పక్కనపెట్టి మా ఇంట్లోని స్టీలు టేపుతో నేనే కొలిచాను. రెండో కొస వదిన పట్టుకుంది. అంకె చదవబోయి, నా మొహం చూసి, పెదవులు బిగించుకుంది. మొదట కొట్టతను చూపించిన సన్నటిదే సరిపోయింది. ముందు సీటు కొంచెం ముందుకు జరిపి, వెనక బిగించి, పట్టుకుని ఊపితే కారంతా ఊగింది గాని సీటు ఊగలేదు. కాంట్రాక్టరుగారు గోడమీదినుంచి చూస్తూ, "అమ్మా, మా వాకిట్లోకి కూడా ఒకసారి ఆ స్టూలు తెస్తారా, మా ఆవిడకి చూపించాలి" అన్నారు.

నెల మొదటి రోజు వచ్చింది. ల్యాబు బస్సుకి ఇంకా కొంచెం టైముంది, మార్కెట్టు వెనక దారి దూరం గనక వదిన ముందే బయల్దేరుతోంది. బుడంకాయ తన సీటులో వెనక్కి తిరిగి కూర్చుని వెనక అద్దంలోంచి నన్ను చూస్తోంది. నేను బెల్టు చూశాను. మళ్లీ చూశాను. మూడోసారి తలుపు తియ్యబోతే వదిన లోపల్నుంచే నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, లోపల నేనున్నాను. లోపలి భయం నాకు వదిలెయ్. నువ్వొక పని చెయ్. ఏ బండి ఎక్కబోయినా, ఎవరిదైనా సరే, ముందు దాని ముందుకెళ్లి ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని చూడు. నిలబడి చూస్తే పెద్దవాళ్లకి కనపడేదే నీకూ కనపడుతుంది. ఆ రోజు నేను మెట్ల మీద కూర్చునున్నాను కాబట్టి బండి కిందనుంచి బుడంకాయ కాళ్లు కనపడ్డాయి. నిలబడి ఉంటే నాకూ కనపడేవి కావు."

ఆ పొద్దున అగ్గిపెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఏమీ లేదు, ఒక చెప్పు తప్ప. తీసి పక్కన పెట్టాను. వాళ్లు వెళ్లిపోయారు.

అప్పట్నుంచి అలాగే చేస్తున్నాను. ఆటో అయినా, టాక్సీ అయినా, చుట్టాల కారైనా. ల్యాబు బస్సు ముందు కూడా. మొదటి రోజు డ్రైవరు తల బయటపెట్టి, "ఏం పోయిందమ్మా?" అని అడిగాడు.

"ఏమీ పోలేదండి" అని మోకాళ్లు దులుపుకుని ఎక్కాను.